నాలుగు చెంచాల సాక్ష్యం

వంటక్క ఆ గదిలోకి వచ్చేసరికి ఉదయం పదయింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. తడి లేని చేతుల్ని ఏప్రన్ అంచుతో మళ్లీ మళ్లీ తుడుచుకుంటూ గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మా, నేను విషం కలిపానంటున్నారు," అంది.

కిటికీ పక్క బల్ల దగ్గర పెన్సిల్ చెక్కుకుంటున్న స్టెనో తల ఎత్తాడు. ముప్పై ఏళ్లు కోర్టులో కూర్చుని ఊరి జనం చెప్పిన అబద్ధాలన్నీ అక్షరం పొల్లుపోకుండా రాసి రిటైరైన మనిషి ఆయన. ఇప్పుడు మేడం దగ్గర కూడా అదే పని. తేడా ఏమిటంటే, కోర్టులో అబద్ధం తేలడానికి పదేళ్లు పట్టేది, ఇక్కడ సాయంత్రానికి తేలిపోతుంది. అందుకే ఆయనకి మేడం అంటే అంత గురి.

మేడం ఒకప్పుడు ఫ్యాక్టరీల తనిఖీ అధికారి. తను రాసిన రిపోర్టులన్నీ చెత్తబుట్టలోకే పోతున్నాయని తెలిసిన రోజు, ఆ బుట్ట తీసుకెళ్లి పై అధికారి బల్ల మీద బోర్లించి ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత ప్రైవేటు డిటెక్టివ్ అయింది. ఉద్యోగం పోయింది గానీ కోపం మాత్రం ఆమెతోనే ఉండిపోయింది.

"విషమో, విరేచనాల మందో, ముందు కూర్చుని చెప్పు. నిలబడి చెబితే సగమే చెబుతావు," అంది మేడం.

వంటక్క కూర్చుంది. బస్ డిపో క్యాంటీన్లో పందొమ్మిదేళ్లుగా వంట. నెల కిందట ఒక డాక్టరమ్మ వచ్చి, రోజంతా సీటుకి అతుక్కుపోయే డ్రైవర్లకి కడుపు సాఫీగా ఉండదు కాబట్టి ఒక మందు వాడి చూడటానికి ఇరవై ఇద్దరిని ఎంచుకుంది. రోజూ మధ్యాహ్నం వాళ్ల టమాటా సూప్‌లో ఒక తెల్ల పొడి కలపాలి. మనిషికో చెంచా. వారానికో డబ్బా, వారానికో చెంచా. మొదటి వారానికి బుల్లి చెంచా, ఆ తర్వాత అంతకంతకూ పెద్దవి. "చెంచా తడపొద్దు, తడిస్తే పొడి ఉండకడుతుంది," అని మరీ మరీ చెప్పింది.

"మూడు వారాలు ఒక్కరికీ ఏమీ కాలేదమ్మా. నిన్న నాలుగో చెంచా మొదలుపెట్టాను. సాయంత్రానికి పద్నాలుగు మంది కడుపులు డోలు అయ్యాయి. ఐదింటికి ఒక డ్రైవరుకి స్టీరింగ్ మీదే పేగులు మెలిపెట్టాయి. బస్సు డివైడర్ ఎక్కింది. కండక్టర్ మణికట్టు విరిగింది. ఇంకొంచెం పక్కకి పోయుంటే..." ఆమె ఆ మాట మింగేసింది. "నన్ను తీసేస్తూ మేనేజర్ గారు కాగితం టైపు చేయించారు. ఈ సాయంత్రం నాలుగింటికి పోలీసులకి ఫిర్యాదు ఇస్తారట."

"ఆ సూపు నువ్వు తాగావా?"

"రోజూ అడుగున మిగిలింది నేనే తాగుతాను. నిన్న సాయంత్రం నుంచీ కడుపు బండరాయి. కానీ ఎవరితో చెప్పుకోను? దొంగ ఏడుపంటారు."

మేడం గడియారం చూసింది. "ఇంకా ఆరు గంటలు కూడా లేవు. ఒక మనిషి మీద విషం కేసు పెట్టేముందు ఆమె కడుపెలా ఉందో అడిగిన వెధవ ఒక్కడూ లేడు! స్టెనో గారూ, అది రాశారా?"

"రాశాను మేడం. వెధవ కూడా రాశాను."

* * *

డిపో వాకిట్లో డీజిల్ మరకలు, టైర్ల గుట్ట, వరసగా నిలిపిన బస్సులు. క్యాంటీన్ అంటే రేకుల కప్పు కింద పొడవాటి గది. పొయ్యి వెనక గోడకి నాలుగు మేకులు, వాటికి నాలుగు చెంచాలు వేలాడుతున్నాయి. ఒక్కో చెంచా గుంటలో తెల్లగా పొడి పేరుకుని ఉంది.

"ఇవి కడగలేదేం?" అంది మేడం.

వంటక్క మొహం ఎర్రబడింది. "తడపొద్దన్నారు కదమ్మా. వారం అయిపోగానే అలాగే మేకుకి తగిలించేదాన్ని. మేనేజర్ గారు ఇవే చూపించి నన్ను మురికిదాన్నన్నారు."

"వేరే దేనికైనా వాడావా వీటిని?"

"ముట్టుకోనివ్వను. మందు చెంచాలు కదా!"

"ముట్టుకోకు, ఎవర్నీ ముట్టుకోనివ్వకు. ఇవి మాయమైతే నీ మీద నేనే ఫిర్యాదు చేస్తాను."

ఇంతలో బల్ల దగ్గర కూర్చుని పొట్ట నిమురుకుంటున్న ఒక లావుపాటి డ్రైవరు గొంతెత్తాడు. అతను మామూలుగా మాట్లాడినా పక్క వీధికి వినిపిస్తుంది, అందుకే డిపోలో అందరూ అతన్ని హారన్ అంటారు.

"వంటక్క విషం పెట్టే మనిషి కాదండీ! మూడు వారాలు జిగురు పెట్టింది, అది నిజమే. ఆ సూపుతో గోడల మీద పోస్టర్లు అంటించుకోవచ్చు. యూనియన్ ఎన్నికలకి బకెట్టు అడుగుదామనుకున్నాం కూడా!"

"నోర్ముయ్యరా," అంది వంటక్క. "డాక్టరమ్మ పొడికి నేనేం చెయ్యను? మరిగితే చిక్కబడేది. నిన్న మటుకు పెద్ద చెంచా వేసినా నీళ్లలా ఉండిపోయింది. సూపు పలచబడిందేంటి సార్ అని మేనేజర్ గారి కిటికీ దగ్గరికెళ్లి అడిగాను కూడా. 'వెయ్యమన్నది వెయ్యి, నీకెందుకు' అన్నారు."

మేడం ఒక్క క్షణం కదలకుండా నిలబడింది. స్టెనోకి ఆ నిలబడటం తెలుసు. ఏదో దొరికింది. ఏం దొరికిందో మాత్రం ఆయనకి అంతుపట్టలేదు.

"డబ్బా ఎవరిచ్చేవారు నీకు?"

"స్టోరు బాబు. ఆయనకి మేనేజర్ గారు ఇచ్చేవారు. డాక్టరమ్మ డబ్బాలన్నీ ఆయన బీరువాలోనే ఉంటాయి."

"సీలు ఎవరు తీసేవారు?"

"సీలా? నిన్నటి డబ్బాకి మూత కింద వెండి రేకు ఉంది, కత్తితో కోశాను. డాక్టరమ్మ పక్కనే నిలబడి చూసింది. నాలుగో వారం మొదటిరోజు వచ్చి కళ్లారా చూస్తానని ఆవిడ ముందే చెప్పింది. అంతకుముందు వాటికి రేకు ఎక్కడిది? మూత తీస్తే పొడే."

స్టోరు బాబు తన గదిలో రెండు కుర్చీలు కలిపి వాటి మీద పడుకుని ఉన్నాడు. బెల్టు విప్పి బల్ల మీద పెట్టాడు. మేడంని చూసి లేవబోయి మూలిగాడు.

"నిన్న ఒక్క గిన్నె, అమ్మా, ఒక్కటే! డాక్టరమ్మ ముందు మర్యాదగా ఉంటుందని తాగాను. మర్యాద ఇంకా లోపల తిరుగుతూనే ఉంది."

"డబ్బాల మూతలు మీరు తీశారా?"

"నేనెందుకు తీస్తాను? సోమవారం సార్ చేతికిస్తారు, నేను వంటింట్లో ఇస్తాను. దారిలో పది అడుగులు కూడా ఉండవు."

"స్టోర్లో మొక్కజొన్న పిండి ఉందా?"

"మేం అలాంటివి తెప్పించం. కావాలంటే అరలు చూసుకోండి."

మేడం ప్రతి అరా చూసింది. లేదు. బయటికి వస్తూ స్టెనో గుసగుసలాడాడు. "మేడం, వీడేనేమో. తాళాలు వీడి దగ్గరే కదా."

"బెల్టు చూశారా?" అంది మేడం విసుగ్గా.

"చూశాను. పాతది."

"పాతదా కొత్తదా కాదండీ, ఎక్కడుందో చూశారా అని! ఖర్మ!"

* * *

మేనేజర్ గదిలో ఫ్యాను చల్లగా తిరుగుతోంది. ఆయన ఇస్త్రీ మడత నలగకుండా, హాయిగా కూర్చుని ఉన్నాడు. మేడంకి టీ చెప్పాడు. ఆమె వద్దంది.

"మీరు అనవసరంగా శ్రమపడుతున్నారు," అన్నాడు. "నిన్న డాక్టరమ్మ ఎదుటే నేను రెండు గిన్నెలు తాగాను. రెండు! నాకేమైనా అయిందా? లేదు. అంటే పొడిలో దోషం లేదు. నేను తాగాక, డ్రైవర్లకి వడ్డించేముందు ఆవిడే ఏదో కలిపింది. జిగురక్క జిగురక్క అని ఏడిపిస్తున్నారు కదా, ఆ కక్ష."

"అదే గిన్నె అడుగున మిగిలింది ఆవిడా తాగింది."

"అని ఆవిడ చెబుతోంది."

"పొడి మంచిదేనంటారు?"

"బంగారం లాంటిది. మొదటి వారం కాస్త గుడగుడలాడిస్తుంది, ఆ తర్వాత కడుపే అలవాటు పడిపోతుంది. అలాంటిది నాలుగో వారంలో ఇంత రాద్ధాంతం ఎందుకు జరగాలి? ఇది పొడి పని కాదు, చేతి పని."

స్టెనో పెన్సిల్ ఆ మాటలన్నీ ఎక్కించుకుంది. మేడం లేచి నిలబడింది. "మూడున్నరకి అందరూ క్యాంటీన్‌కి రావాలి. మీరు కూడా. ఆ కాగితం వెంట తెచ్చుకోండి."

వాకిట్లో డాక్టరమ్మ ఎదురైంది. పడుచు మనిషి, కళ్ల కింద నిద్రలేని చారలు. పద్నాలుగు మందినీ చూసి వస్తోంది. ఎవరికీ ప్రాణభయం లేదు, అంతా గ్యాసే అంది.

"నాకేమీ అర్థం కావట్లేదు," అంది. "నిన్న కోసింది నా డబ్బానే, వేసింది సరైన చెంచానే. మూడు వారాలు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ వచ్చాం. ఇలా జరగకూడదు."

"ఆ మూడు వారాల్లో ఎవరికైనా కడుపు గుడగుడలాడిందా?"

"అదే వింత. కొంతమందికైనా ఉండాలి. ఒక్కరూ లేదన్నారు. మలబద్ధకం కూడా ఇసుమంతైనా తగ్గలేదు."

"గుడగుడ ఉంటుందని ఎవరెవరికి చెప్పారు?"

"డ్రైవర్లకి, నోటిమాటగా. మేనేజర్ ఆ రోజు సెలవు."

"వంటక్కకి?"

డాక్టరమ్మ తడబడింది. "ఆవిడకి చెంచాలిచ్చాను. ఏ వారం ఎంత వెయ్యాలో రాసిన కాగితం మేనేజర్ గారికి ఇచ్చాను, అందులో గుడగుడ సంగతి లేదు."

మేడం నుదురు కొట్టుకుంది. "పొడి సంగతి అందరికీ చెప్పారు, పొయ్యి దగ్గర నిలబడే మనిషికి తప్ప! చదువుకున్నవాళ్లకి ఈ జబ్బు ఎప్పుడు తగ్గుతుందో! దీనికేం పొడి లేదా మీ దగ్గర?"

* * *

మూడున్నరకి క్యాంటీన్ నిండిపోయింది. డ్రైవర్లు బెంచీల మీద, స్టోరు బాబు గోడకి జారగిలబడి, మేనేజర్ ఎదురుగా కుర్చీలో మడత కాగితంతో. వంటక్క పొయ్యి పక్కనే నిలబడింది. మేడం బస్సులోంచి ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెప్పించి బల్ల మీద పెట్టింది.

"డాక్టరమ్మా, ఆ పొడి ఏమిటో వీళ్లకి అర్థమయ్యేలా చెప్పండి. ఈసారి వంటక్క వైపు చూసి చెప్పండి."

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. "మన పెద్దపేగులో కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో మనకి మేలు చేసేవీ ఉన్నాయి. ఈ పొడి చికోరీ వేరు నుంచి తీసిన పిండిపదార్థం. మనకి అరగదు. అది ఆ మంచి సూక్ష్మజీవులకి మేత. ప్రీబయోటిక్ అంటాం."

"అంటే మధ్యలో ఏ స్టాపులోనూ దిగని ప్యాసింజరు! టెర్మినల్లోనే దిగుతాడు," అన్నాడు హారన్.

"అచ్చంగా అంతే," అంది డాక్టరమ్మ, నవ్వు ఆపుకుంటూ. "అక్కడ సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. పేగుకి పనికొచ్చే ఆమ్లాలు పుడతాయి, గ్యాసు కూడా పుడుతుంది. అందుకే కొంచెంతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. వారాలు గడిచేకొద్దీ ఆ మంచివి పెరుగుతాయి, చాలామందికి కడుపు సర్దుకుంటుంది. అలవాటు లేని కడుపులో ఒక్కసారిగా పెద్ద చెంచా పడితే మాత్రం ఉబ్బిపోతుంది."

"ఆ పొడి వేస్తే సూపు చిక్కబడుతుందా?"

"లేదు. వేడి నీళ్లలో కరిగిపోతుంది. చిక్కబడదు."

బెంచీల మీద గుసగుసలు లేచాయి. మేడం ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి టింక్చర్ అయోడిన్ సీసా తీసింది. గోడ దగ్గరికెళ్లి చెంచాలు వరసగా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది మీరంతా బళ్లో చూసిందే. పిండి మీద పడితే నల్లబడుతుంది. ఆ వేరు పొడి మీద పడితే దాని గోధుమరంగు దానికే ఉంటుంది. స్టెనో గారూ, చూసి రాయండి."

మొదటి చెంచాలో చుక్క పడింది. తెల్ల పొడి చూస్తుండగానే సిరాలా నల్లనీలం అయింది. రెండో చెంచా. నల్లనీలం. మూడో చెంచా. నల్లనీలం. నాలుగో చెంచాలో చుక్క గోధుమరంగుగానే ఉండిపోయింది.

"ఓరి నీ!" అన్నాడు హారన్. ఆ మాట వాకిలి దాటింది.

"మూడు వారాలు మీరు తిన్నది మొక్కజొన్న పిండి," అంది మేడం. "అందుకే పోస్టర్ల జిగురు. అందుకే గుడగుడ లేదు, గుణమూ లేదు. నిన్న డాక్టరమ్మ దగ్గరుండి చూస్తానంది కాబట్టి దొంగకి సీలున్న అసలు డబ్బా పంపక తప్పలేదు. అలవాటు లేని పేగుల్లో ఒక్కసారిగా నాలుగో వారం మోతాదు పడింది. వంటక్క చెప్పింది చెప్పినట్టు చేసింది, కడగొద్దంటే కడగలేదు. కడిగి ఉంటే ఇవాళ జైల్లో ఉండేది."

"అయితే ఆ పిండి ఆవిడే కలిపి ఉండొచ్చుగా?" అన్నాడు మేనేజర్.

"కలిపిన మనిషి సూపు పలచబడిందేమని మీ కిటికీ దగ్గరికొచ్చి అడుగుతుందా? కలిపిన చెంచాలు మూడు వారాలు అందరికీ కనబడేలా మేకుకి తగిలిస్తుందా? మూడు డబ్బాలు రేకు లేకుండానే ఆవిడ చేతికొచ్చాయి. ఆ డబ్బాలు తాకినవాళ్లు ముగ్గురే. మీరు, స్టోరు బాబు, వంటక్క. ముగ్గురూ నిన్న అదే సూపు తాగారు. వంటక్క కడుపు బండరాయి. స్టోరు బాబు బెల్టు బల్ల మీద ఉంది."

స్టోరు బాబు అసంకల్పితంగా నడుము తడుముకున్నాడు. స్టెనో చెవులు కాలాయి. ఆ బెల్టు తనూ చూశాడు, చూసి పాతదన్నాడు.

"మీరు రెండు గిన్నెలు తాగారు," అంది మేడం. "రెండు! చీమ కుట్టినట్టయినా లేదు. ఎందుకంటే మూడు వారాలుగా అసలు పొడి తింటున్న కడుపు మీదొక్కటే."

"ఇదేం సాక్ష్యమండీ! నాది గట్టి కడుపు!"

"కావచ్చు. స్టెనో గారూ, పొద్దున సారు చెప్పింది చదవండి."

స్టెనో కాగితం తిప్పాడు. "'మొదటి వారం కాస్త గుడగుడలాడిస్తుంది, ఆ తర్వాత కడుపే అలవాటు పడిపోతుంది.'"

"ఈ డిపోలో ఎవరికీ రాని గుడగుడ మీకెలా తెలుసు? డాక్టరమ్మ చెప్పిన రోజు మీరు సెలవు." మేడం సంచిలోంచి మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బీ తీసి ఆయన ముందు పెట్టింది. "డాక్టరమ్మ దగ్గర అడిగి తెచ్చాను. రేపు పొద్దున నిన్న సూపు తాగిన అందరూ ఇందులో కాస్త పట్టివ్వాలి. మంచి సూక్ష్మజీవులు ఎవరి కడుపులో మూడు వారాలుగా మేత మేసి బలిశాయో లెక్క తేలుతుంది. అవి మీ కింద ఉద్యోగులు కావు సార్, చెప్పమన్నట్టు చెప్పవు."

మేనేజర్ ఆ డబ్బీ వంక చూశాడు. గదిలో నలభై కళ్లు కూడా ఆ డబ్బీ వంకే చూశాయి. ఒక బెంచీ చివర ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మెడ మీంచి చెమట కాలరులోకి దిగింది.

"మా ఇంట్లో అందరికీ అదే బాధ," అన్నాడు ఆయన, గొంతు దాదాపు వినపడకుండా. "మా అత్తగారికి, మా ఆవిడకి, నాకూ. దుకాణాల్లో దొరకలేదు. డ్రైవర్లకేనా, మనుషులం మేం కామా అనిపించింది. దాని బదులు పిండి పోశాను. పిండి ఎవరికీ హాని చెయ్యదు కదా."

"చెయ్యలేదు," అంది మేడం. "నిన్న ఐదింటికి బస్సు డివైడర్ ఎక్కినప్పుడు ఎందుకు ఎక్కిందో ఈ డిపోలో తెలిసిన మనిషి మీరొక్కరే. తెలిసి కూడా ఏం చేశారు? వంటమనిషి మీద కాగితం టైపు చేయించారు! డబ్బాలు దొంగిలించినందుకు నాకు ఇంత మంట లేదు."

ఆయన చేతిలోని కాగితం రెండుగా చింపబోయాడు.

"చింపొద్దు సార్," అంది వంటక్క. "దాని వెనక ఖాళీగానే ఉంది. మీరేం చేశారో అక్కడ రాయండి. నన్ను అందరి ముందూ అన్నారు, అందరి ముందే రాయండి."

స్టెనో తన పెన్ను మూత తీసి అందించాడు. మేనేజర్ క్యాంటీన్ బల్ల మీద, పాత సూపు మరక పక్కన, వంగి రాశాడు. డాక్టరమ్మ, స్టోరు బాబు కింద సంతకాలు చేశారు, పై ఆఫీసుకి పంపడానికి.

"ఎవరైనా చదవండి," అంది మేడం.

"నేను చదువుతా!" అన్నాడు హారన్. చదివాడు కూడా. గేటు దగ్గర వాచ్‌మన్, బస్ స్టాపులో నిలబడ్డ జనం, ఎదురు దుకాణంవాళ్లు అందరూ విన్నారు. గడియారం అప్పుడే నాలుగు కొట్టింది.

బయటికొచ్చాక స్టెనో ఉండబట్టలేక అడిగాడు. "మేడం, ఆ డబ్బీ పరీక్షలో నిజంగా తేలిపోయేదా?"

"ఎక్కడ తేలుతుంది! పొడి తినకముందు ఆయన కడుపులో ఏముందో ఎవరు చూశారు? ఒక్క పరీక్షతో ఏమీ చెప్పలేనని డాక్టరమ్మ ముందే నెత్తీ నోరూ కొట్టుకుంది."

"మరి ఆయన ఒప్పుకోకపోయుంటే?"

"చెంచాలున్నాయి, మీ కాగితం ఉంది, ఆయన ఇంట్లో ఖాళీ డబ్బాలో, పొడో ఉండే ఉంటుంది. ఇంకో వారం పట్టేది. ఆ వారం వంటక్క లాకప్పులో గడపాలి. అందుకే డబ్బీ పెట్టాను. పెద్దమనిషికి జైలంటే భయం ఉండదు స్టెనో గారూ, నలుగురిలో నవ్వులపాలవడమంటేనే భయం."

పది రోజుల తర్వాత వాళ్లిద్దరూ మళ్లీ డిపోకి వెళ్లారు. మేనేజర్ కుర్చీలో కొత్త మనిషి. కండక్టర్ కట్టు కట్టిన చేత్తోనే టీ తాగుతున్నాడు. డాక్టరమ్మ వంటింట్లో స్టూలు మీద కూర్చుని పొడి సంగతి మొదటినుంచీ చెబుతుంటే, వంటక్క గరిటె తిప్పుతూ ప్రశ్న మీద ప్రశ్న వేస్తోంది. గోడకి ఎడమ వైపు కొత్తగా నాలుగు మేకులు, నాలుగు మెరిసే చెంచాలు. కుడి వైపు పాతవి అలాగే ఉన్నాయి, మూడు నల్లనీలంగా, ఒకటి గోధుమరంగుగా. వాటిని కడగమని అడిగే ధైర్యం డిపోలో ఎవరికీ లేదు.

"మళ్లీ బుల్లి చెంచా నుంచేనా అక్కా?" అని అరిచాడు హారన్. "పొద్దున్నుంచి కడుపులో ఎవరో గేర్లు మారుస్తున్నారు!"

"మారనీరా," అంది వంటక్క. "ఇప్పుడు అసలు పొడి పడింది."

స్టెనోకి ఒక గిన్నె పోసింది. సూపు నీళ్లలా పలచగా ఉంది. ఆయన మేడం వైపు చూశాడు.

"తాగండి," అంది మేడం. "బెల్టు మాత్రం ఒక రంధ్రం వదులు చేసుకోండి."